కన్ను తెరవని బృహన్నల

“ఆరింటికి రిబ్బన్ కత్తిరిస్తారు మేడమ్. అది తెగిన మరుక్షణం నేను పోలీసులకు ఫోన్ చేస్తాను. ఈలోపల మీరు తేల్చేదేదో తేల్చుకోండి,” అన్నాడు ఇన్సూరెన్సు కంపెనీ అభిలాష్.

నాకేదో ధర్మం చేస్తున్నట్టు అన్నాడు. పోలీసు ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్న ఆడదాన్ని చూస్తే ఇలాంటి వాళ్ళకు జాలి, నవ్వు కలిపి వస్తాయి. నాకు వాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది. ఆ లెక్కన ఇద్దరం సమానమే.

“పోలీసులకు చెప్పేది ఆరింటికైతే ఇప్పటిదాకా ఆ పిల్లోడు ఆంజిని గదిలో కూర్చోబెట్టింది ఎవరప్పా?” అని అడిగాను.

“నేనే. పారిపోకుండా.”

“తాళం వేసినావా?”

“వేశాను.”

“తియ్. నీకు ఆ హక్కు ల్యాదు.”

తాళంచెవి ఇవ్వడానికి అతనికి ఇష్టం లేదు. పక్కనే ఉన్న హేమ చెయ్యి చాపి తీసుకుంది. గ్యాలరీ ఆమెది. వాళ్ళ నాన్న కాలంలో వేరుశనగ కాయలు ఒలిచే మిల్లు షెడ్డు ఇది. దాన్ని సున్నం కొట్టించి, లైట్లు పెట్టించి, అనంతపురంలో బొమ్మలు చూసేదెవరని ఊరంతా నవ్వుతున్నా వినకుండా గ్యాలరీ చేసింది. ఈ సాయంత్రం జరిగేదే మొదటి ప్రదర్శన. ఆహ్వాన పత్రికలు పంచారు, టీ పెట్టే మనిషి వచ్చాడు, తినడానికి ఓళిగలు వచ్చాయి. గోడల నిండా బత్తలపల్లి అవతల ఒక చిన్న పల్లెలో ఉండే చిన్నక్క అనే ముసలామె ఇంటివాళ్ళ తోలుబొమ్మలు.

అందులో నడిమి గోడకు ఉన్న బృహన్నల కోసమే సగంమంది వస్తున్నారు. మనిషంత ఎత్తు బొమ్మ. చిన్నక్క మామగారి తాత చేసినది. వాన పడని ఏడాది ఊళ్ళవాళ్ళు ఆ ఇంటివాళ్ళను పిలిపించి విరాటపర్వం ఆడించుకునేవారు. అప్పుడు తెర మీదికి వచ్చే బృహన్నల అదే.

నిన్న బెంగళూరులో పాత వస్తువులు కొనే ఒకావిడ హేమకు ఒక ఫోటో పంపింది. ఈ బొమ్మ ఎవరో మధ్యవర్తి అమ్మజూపుతున్నాడు, ఇది మీ దగ్గర ఉండాలి కదా అని అడిగింది. ఫోటోలో ఉన్నదీ బృహన్నలే, గోడ మీద ఉన్నదీ బృహన్నలే. బొమ్మలకు ఇన్సూరెన్స్ చేసిన కంపెనీ వెంటనే అభిలాష్‌ను పంపింది. నెల కిందట పల్లెకు పోయి బొమ్మలన్నీ చూసి విలువ కట్టింది కూడా అతనే. అతను రాగానే తడి దూదితో గోడ మీది బొమ్మను ఒక మూల తుడిచాడు. తోలులోకి ఇంకని పచ్చి రంగు దూదికి ఊడి వచ్చింది. కొత్త బొమ్మ. అసలుది పోయింది.

దొంగను పట్టడానికి అతనికి ఆ తర్వాత పెద్ద సమయం పట్టలేదు. పల్లె నుంచి బొమ్మల మూట తెచ్చింది చిన్నక్క మనవడు ఆంజి. విప్పిందీ, గోడలకు తగిలించిందీ వాడే. బొమ్మలు చేయడం వచ్చిన పిల్లవాడు. పోయిన వారం బెంగళూరు పోయి వచ్చాడు. ఇంకేం కావాలి?

వాడు జైలుకు పోతే చిన్నక్కకు ఇంక ఎవరూ లేరు. ఆమె తర్వాత ఆ ఇంట్లో కత్తీ ఉలీ పట్టే చెయ్యి కూడా ఉండదు. హేమ నాకు ఫోన్ చేసి ఈ మాట చెప్పి ఏడ్చింది. ఆమె ఏడవకపోయినా నేను వచ్చేదాన్ని. మాది కుందుర్పి దగ్గర. నా చిన్నతనంలో వరసగా వానలు లేక, బావులు ఎండి, ఇంట్లో అమ్మా నాన్నా ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం కూడా మానేసిన ఒక ఏడు, ఈ బొమ్మలవాళ్ళు మా ఊరికి వచ్చి ఆడారు. ఉత్తరకుమారుడు రథం దిగి పారిపోతుంటే బృహన్నల వెంటపడి జుట్టు పట్టుకుని లాక్కొచ్చింది. మా నాన్న నవ్వాడు. ఆయన నవ్వడం నేను అంతకుముందు ఎప్పుడు చూశానో గుర్తులేదు. వాన పడిందా అంటే, నెల తర్వాత ఏదో తుంపర పడింది. ఆ నవ్వుకు మాత్రం నేను ఇప్పటికీ వాళ్ళకు రుణపడి ఉన్నాను. ఈ మాట అభిలాష్‌తో చెప్తే డిటెక్టివ్‌వా, భజనపరురాలివా అంటాడు. అందుకే చెప్పలేదు.

ఒకప్పుడు కాయలు తూకం వేసిన గదిలో ఆంజి నేల మీద కూర్చుని ఉన్నాడు. తలుపు తెరవగానే లేచి నిలబడ్డాడు.

“కూర్చో నాయనా. నేను పోలీసు కాదు,” అన్నాను. “మూట ఎవరు కట్టినారు?”

“మా అవ్వ.”

“దోవలో ఎవరన్నా ముట్టుకున్యారా?”

“ల్యాదు మేడమ్. ఆటోలో నా ఒళ్ళోనే పెట్టుకొని వచ్చినా.”

“బెంగుళూరుకు ఎందుకు పోయినావు?”

“తోలు లాంపులు ఇచ్చేకి. ఒక హోటలు వాళ్ళు అడిగింటే చేసినా. ఆడ గోడలకు పెడతారంట.”

“లాంపులతో పాటు ఇంకేం ఇచ్చి వచ్చావో అది కూడా చెప్పు,” అన్నాడు అభిలాష్ తలుపు దగ్గర నిలబడి.

“నేను అడుగుతాండా గదా, నువ్వు కొంచెం ఆగు,” అన్నాను. “ఆంజీ, బృహన్నలను తగిలించేటప్పుడు నీకేం తేడా కనపడల్యా?”

“ల్యాదు.”

నేను నోరు మూసేలోపలే జవాబు వచ్చింది. అంతవరకూ ప్రతి ప్రశ్నకూ ఆలోచించి చెప్పిన పిల్లవాడు దీనికి మాత్రం తొందరపడ్డాడు.

“చిన్నప్పట్నుంచి ఆ బొమ్మ పక్కన పండుకున్నోడివి. చీకట్లో తడిమినా పాతదేదో కొత్తదేదో చెప్తావు. కనపడల్యా?”

“కంగారుగా ఉన్యా మేడమ్. సూడల్యా.”

అభిలాష్ నా వైపు చూసి కనుబొమలెత్తాడు. వాడు అబద్ధం చెప్తున్నాడని ఇద్దరికీ తెలిసింది. ఎవరి కోసం చెప్తున్నాడన్నది అతనికి అక్కరలేని సంగతి, నాకు అదే కావాలి.

“రా, బొమ్మ దగ్గరికి పోదాం,” అన్నాను.

నడిమి గోడ దగ్గర బొమ్మలన్నీ తెల్లటి గుడ్డ తెరల మీద ఉన్నాయి. ఒక్కో తెర వెనుక ఒక్కో బల్బు. ప్రస్తుతానికి ముందు వైపు దీపాలే వెలుగుతున్నాయి. వెనక దీపాలన్నిటికీ కలిపి ఒకటే స్విచ్చి. చిన్నక్క చేత అది వేయించి, అందరి ముందు బొమ్మలు ఒక్కసారిగా వెలిగేటట్టు చేయాలని హేమ ఆలోచన.

“వెనక దీపాలు ఇంతవరకు వేసి సూడల్యా?” అని హేమను అడిగాను.

“లేదక్కా. అవ్వ చేత్తో వేసేదాకా ఎవరూ వేయొద్దని ఆంజి మరీ మరీ చెప్పినాడు. బాగుంటుంది కదా అని నేనూ ఊరుకున్నా.”

“ఇప్పుడు వేద్దాం.”

“వద్దు మేడమ్!” అన్నాడు ఆంజి. గొంతు పెద్దదైంది. తర్వాత తనే సర్దుకున్నాడు. “అవ్వ వేయాల. శకునం.”

“శకునం నా మీద వేసుకుంటాలే,” అని ముందు దీపాలు ఆర్పించి వెనక స్విచ్చి వేశాను.

ఏం చెప్పమంటారు. చచ్చి పడి ఉన్నాయనుకున్న బొమ్మలన్నీ లేచి కూర్చున్నాయి. ద్రౌపది చీర ఎర్రగా వెలిగింది, కీచకుడి మీసం నల్లగా నిలబడింది. ఒంటి మీద చెక్కిన నగల చిల్లుల్లోంచి వెలుగు చుక్కలు చుక్కలుగా కారింది. హేమ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నడిమి తెర మాత్రం చీకటిగా ఉండిపోయింది.

“బల్బు పోయినట్టుంది,” అన్నాడు అభిలాష్.

తెర వెనక్కి పోయి చూశాను. బల్బు పోలేదు. ఎవరో రెండు చుట్లు వదులు చేసి పెట్టారు. బిగించాను. బృహన్నల వెలిగింది.

ముందుకు వచ్చి చూశాను. పని అద్భుతంగా ఉంది, కాదనడానికి లేదు. జడబిళ్ళ, వడ్డాణం, కాలి గజ్జెలు, అంతా చిల్లుల పని. చేసిన మనిషి ఎన్ని దినాలు మెడ వంచి కూర్చుని ఉంటాడో. కానీ ఆ వెలుగులో ముఖం గుడ్డిగా ఉంది. కన్ను ఉంది, రంగుతో గీసి ఉంది. కంటిపాప దగ్గర చిల్లు మాత్రం లేదు. మిగిలిన బొమ్మలు ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చాను. ద్రౌపదికి, కీచకుడికి, ఉత్తరుడికి, ఆఖరుకు గోవులకు కూడా కన్ను దగ్గర వెలుగు ఉంది. దీనికొక్కదానికే లేదు.

“హడావుడిలో మర్చిపోయుంటాడు,” అన్నాడు అభిలాష్.

“వడ్డాణంలో ఆవగింజంత చిల్లులు కొట్టే ఓపిక ఉన్నోడు కన్ను మర్చిపోతాడా?”

“మీరు కళావిమర్శ చేయడానికి వచ్చారా, దర్యాప్తుకు వచ్చారా? దొంగబొమ్మ చేశాడు, లోపం బయటపడకుండా బల్బు వదులు చేశాడు. నా కేసును మీరే బలపరుస్తున్నారు. థాంక్స్.”

“థాంక్సులు దాచిపెట్టుకో, ముందు పనికొస్తాయి.”

వాకిట్లో ఒక బల్ల మీద ఆంజి చేసిన దీపపు బుట్టలు అమ్మకానికి పెట్టి ఉన్నాయి. తోలు మీద బొమ్మలు చెక్కి గుండ్రంగా చుట్టినవి. వాటిలో ఒకటి తెచ్చి వెలుగుకు అడ్డంగా పెట్టాను. కృష్ణుడు. కన్ను మిలమిల మెరిసింది. ఇంకొకటి తెచ్చాను, చిలక. దానికీ కన్ను ఉంది. ఆ బల్ల మీద కన్ను లేని బొమ్మ ఒక్కటీ లేదు.

“ఆంజీ, నువ్వు కన్ను ఎప్పుడు కొడతావు?”

“మొదటే కొడతా మేడమ్. మొగం కుదిరిందో ల్యాదో తెలియాలంటే...” అని ఆగిపోయాడు.

“మొదట కొట్టేవాడివి ఎట్లా మర్చిపోతావు? మీ ఇంట్లో కన్ను ఆఖర్న కొట్టేది ఎవరు?”

ఆంజి నా వైపు చూడకుండా అభిలాష్ వైపు తిరిగాడు.

“నేనే సార్. నేనే చేసినా, నేనే అమ్మినా. రాసుకోండి. యాడ సంతకం పెట్టమంటే ఆడ పెడతా.”

అభిలాష్ చిన్నగా నవ్వి ఫోన్ జేబులోంచి తీశాడు. “ఆరింటిదాకా ఆగుతానన్నాను. మాట మీద నిలబడే మనిషిని. ఇంక తేల్చేది ఏమైనా ఉందా మేడమ్?” అన్నాడు.

“ఉండాది,” అన్నాను. “ఎవరికి అమ్మినావు ఆంజీ?”

వాడు అభిలాష్ వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు. అమ్మినవాడికి కొన్నవాడి పేరు తెలియకుండా ఉండదు. ఆ పిల్లవాడు ఏ బొమ్మనూ అమ్మలేదు, ఒక మనిషిని కాపాడుతున్నాడు. బొమ్మ తగిలించేటప్పుడే అది ఎవరి చేతిపనో గుర్తుపట్టి, ఆ కన్ను ఎవరికీ కనపడకుండా బల్బు వదులు చేశాడు. ఇంత మంచి పిల్లవాణ్ని పెంచిన మనిషి దగ్గరికి ఈ కబురు మోసుకుని పోయాను.

చిన్నక్క పక్క హాల్లో బెంచీ మీద ఒక చివర కూర్చుని ఉంది. హేమ పెట్టిన కొత్త చీర కట్టుకుంది, మడతలు ఇంకా పోలేదు. ఎవరూ ఆమెతో సంగతి చెప్పలేదు. పండగ పూట ముసలామెను ఎందుకు కంగారు పెట్టాలని హేమ అనుకుంది. నన్ను చూడగానే పక్కన చోటు చూపించింది.

“రా తల్లీ, కూర్చో. ఎంత మంది వస్తాండారు! నా మనవడు యాడ?”

“లోపల ఉండాడు అవ్వా. నీతో ఒక మాట చెప్పల్ల. బృహన్నల పోయిందని ఇన్సూరెన్సు వాళ్ళు ఆంజిని పట్టుకున్యారు. వాడు నేనే అమ్మినా అని ఒప్పుకున్యాడు. ఆరింటికి పోలీసులు వచ్చి తీస్కపోతారు.”

ఆమె నా ముఖంలోకి చూసింది, నేను పరాచికాలాడుతున్నానేమో అన్నట్టు. తర్వాత రెండు చేతులతో బెంచీ అంచు పట్టుకుంది.

“వానికేం తెల్సు? వాడు ఎందుకు ఒప్పుకుంటాడు? ఆ బొమ్మ చేసింది నేను.”

“తెల్సు అవ్వా. కన్ను కొట్టల్యా నువ్వు.”

“యాడ కొట్టేది?” అంది ఆమె కొంచెం కోపంగానే. “ఆడేకి పొయ్యే బొమ్మకే పూజ చేసి కన్ను తెరిపిస్తాము. ఇది ఆడేది కాదు, గోడకు ఉండేది. దానికి కన్నిస్తే పాపం, నిలబడి ఏం సూస్తాది? ఆంజిగాడు లాంపులకు కొడతాడు, కడుపు కోసం కొడతాడు, నేనేమీ అనను. నా చెయ్యి పోదు.”

“అసలుది యాడుండాది?”

“సాగనంపినా.”

ఆ మాట అని ఆమె కొత్త చీర కొంగు ఒళ్ళోకి లాక్కుంది. తర్వాత తనే చెప్పింది.

“అది మా ఇంటికి అన్నం పెట్టింది తల్లీ. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి కరువొచ్చిన ప్రతిసారీ మమ్మల్ని అందరినీ అదే సాకింది. ఊళ్ళోళ్ళు జొన్నలు పోసేది నన్ను సూసి కాదు, దాన్ని సూసి. ఆడి ఆడి అరిగిపాయ. భుజం కాడ తోలు పలచబడిపాయ. అట్లా ముసిలిదైన బొమ్మను మేము మూల పడెయ్యం. పసుపు కుంకం పెట్టి, చేసిన మేలు చెప్పుకొని, పారే నీళ్ళల్లో ఇడుస్తాం. మా మామ పొయ్యేటప్పుడు నాతో చేతిలో చెయ్యేయించుకున్యాడు, దాన్ని సక్రంగా సాగనంపమని. చిత్రావతిలో నీళ్ళు యాడ? ఏండ్లు పాయ. అంతలో ఈ హేమ పాప వచ్చింది. మా పల్లెలో ఇంటింటికీ తిరిగి, మా పిల్లోళ్ళ చేతులు పట్టుకొని మీ పని గొప్పది అనె. ఇన్నేండ్లలో మాతో ఆ మాట అన్యోళ్ళు ల్యారు. ఆ పాప బృహన్నల కావాలంటే ల్యాదని ఎట్లా అందును? మామకిచ్చిన మాట ఎట్లా తప్పుదును? అన్నం పోల్యా నాకు.”

“అప్పుడు ఒకరు దోవ చూపించినారు,” అన్నాను.

చిన్నక్క ముఖం పక్కకు తిప్పుకుంది.

“ఇట్లాంటిదే ఇంకొకటి చేసి హేమకిచ్చేయి, అసలుదాన్ని కాలువలో సాగనంపు అని చెప్పింటారు. ఏటిలో నీళ్ళు ల్యావు గాబట్టి కాలువకు ఇడిసిన దినం తీస్కపోయింటారు. ఎవరవ్వా?”

“పేరు అడగొద్దు. ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్యాడు, తన పని పోతాదంట. నా గుండె మీద బండ దింపిన మనిషి. మేలు చేసినోని పేరు చెప్పి వాని కడుపు కొడతానా? నన్ను తీస్కపొమ్మను. నేనే అమ్మినా అని చెప్తా. ఆంజిని ఇడిసిపెట్టమను.”

మనవడు అవ్వ కోసం దొంగనంటాడు, అవ్వ మనవడి కోసం దొంగనంటుంది. ఇద్దరూ కలిసి అసలు దొంగను కాపాడుతున్నారు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

హేమ నాకు పంపిన ఫోటో తీసి ఆమెకు చూపించాను. వేళ్ళతో పెద్దది చేశాను. ఆమె ఫోన్‌ను కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. “ఇదే. ఇదే మా తల్లి,” అని తెర మీద బొటనవేలితో మెల్లగా నిమిరింది. బొమ్మ జరిగిపోయింది. నేను మళ్ళీ సరిచేశాను.

“ఎప్పుడో మీ ఇంటికి వచ్చి తీసిన పటమని నువ్వు అనుకుంటావు. నేనూ అట్లే అనుకున్యా. కానీ ఈ పావడా అంచు సూడు అవ్వా. ముడుచుకొని అలలు అలలుగా ఉండాది. ఎరుపు పక్కనున్న పసుపులోకి కారింది. మీ ఇంట్లో ఉన్నప్పుడు ఇట్లా ఉన్యాదా?”

“ల్యాదు.”

“తోలు ఎప్పుడు ఇట్లా అయితాది?”

“నీళ్ళల్లో నానితే,” అంది ఆమె.

“నీళ్ళల్లో ఇడిసినాక నువ్వేం చేసినావు?”

“ఏం చేస్తాం. ఇడిసినాక ఎనక్కి తిరిగి సూడకూడదు తల్లీ. సూస్తే పొయ్యేదానికి మన మీద ఆశ పుడతాది, పోలేదు. తల వంచుకొని కారు దాకా నడిచినా.”

“ఆ మనిషి?”

“నువ్వు నడువు అవ్వా, నేనూ ఒక దండం పెట్టుకొని వస్తా అన్యాడు. సదువుకున్యోడు, ఎంత బక్తి అనుకున్యా. శానాసేపటికి ఉత్తచేతుల్తో వచ్చినాడు. ప్యాంటు మోకాళ్ళ కాడికి తడిసిండాది. కాలు జారింది అన్యాడు. అయ్యో నాయనా అని నా కొంగు ఇచ్చి...”

అక్కడ ఆగిపోయింది. తుడుచుకోమని తనే కొంగు ఇచ్చిన సంగతి తన నోటి వెంటే తొలిసారి వింటున్నట్టుంది ఆమె ముఖం. బొమ్మను నీళ్ళలోంచి లాగి గట్టు పొదల్లో దాచి, ఆమెను ఇంట్లో దింపాక వచ్చి తీసుకుపోయి ఉంటాడు. ఒడ్డున ఏం జరిగినా ఈ ముసలామె వెనక్కి తిరిగి చూడదని ఆ మనిషికి తెలుసు. ఆమే చెప్పి ఉంటుంది, నమ్మకంగా, దారి పొడుగునా. చేసిన మేలు మర్చిపోని మనిషి కాబట్టి పేరు కూడా చెప్పదని తెలుసు. రెండు తాళాలూ ఆమె చేతే వేయించుకుని పోయాడు.

“పేరు నాకు అక్కర్లేదవ్వా. నీ మాట నువ్వు తప్పొద్దు,” అన్నాను.

నిజంగానే అక్కరలేదు. మధ్యాహ్నం నేను వచ్చేటప్పటికే చిన్నక్క గ్యాలరీలోకి అడుగుపెడుతూ ఒక మనిషికి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. వచ్చిన పెద్దలు ఎవరికీ పెట్టనంత వంగి పెట్టింది. ఆ మనిషి ఆమెను ఎరగనట్టు ఫోన్‌లోకి చూసుకున్నాడు. పట్నం పొగరు అనుకుని నేను వదిలేశాను. ఇప్పుడు లెక్క సరిపోయింది. పల్లెకు పోయి బొమ్మల విలువ కట్టినవాడికే బృహన్నలకు బెంగళూరులో ఎంత గిరాకీ ఉందో తెలుస్తుంది. దొంగను తనే పట్టి ఇస్తే ఇంక వెదికేవాళ్ళు ఉండరు.

హేమను పక్కకు పిలిచి, బెంగళూరు ఆవిడకు ఫోన్ చేసి, ఎంత ధరకైనా ఒప్పుకున్నట్టు మాట్లాడి ఆ బొమ్మను ఎక్కడిదక్కడ ఆపించమని చెప్పాను. ఎందుకని ఆమె అడగలేదు. ఫోన్ తీసుకుని తూకం గదిలోకి పరుగెత్తింది. తిరిగి వచ్చేసరికి ముఖం తేటపడి ఉంది. బొమ్మ ఇంకా మధ్యవర్తి దగ్గరే ఉందట, రేపు తెచ్చి చూపిస్తానన్నాడట.

జనం వచ్చారు. కుర్చీలు చాలలేదు. ఆరు దాటి కొంచెం సేపటికి ముఖ్య అతిథి రిబ్బన్ కత్తిరించాడు, అందరూ చప్పట్లు కొట్టారు. హేమ మైకు పట్టుకుంది. ఏదో రాసుకుని వచ్చింది కానీ కాగితం చూడలేదు.

“మా నాన్న మిల్లు మూతపడినప్పుడు ఈ షెడ్డు అమ్మేయమన్నారు. ఇందులో మళ్ళీ మనుషుల చప్పుడు వినపడుతుందని నేను అనుకోలేదు. చిన్నక్క అవ్వకు, వాళ్ళ పల్లెకు నేను ఎట్లా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు,” అని మైకు దించేసింది.

అభిలాష్ స్తంభం పక్కన నిలబడి ఫోన్‌లో నంబరు వెదుకుతున్నాడు. ఆంజిని వరండాలో ఒక కుర్చీలో కూర్చోబెట్టాడు. నేను మెల్లగా నడుచుకుంటూ పోయి వీధి తలుపు దగ్గర నిలబడ్డాను. ఆ షెడ్డుకు అదొక్కటే తలుపు.

చిన్నక్కను స్విచ్చి వేయమని పిలిచారు. ఆమె వేసింది. బొమ్మలన్నీ వెలిగాయి. జనం ఒక్కసారిగా “ఆహా” అన్నారు. ముందు వరసలో ఒక పెద్దాయన లేచి నిలబడి, ఎవరూ చెప్పకుండానే, బొమ్మలకు చేతులు జోడించాడు. ఆయన్ను చూసి ఇంకో ఇద్దరు లేచారు. వాళ్ళ ఊళ్ళలో కూడా చిన్నక్క ఇంటివాళ్ళు ఎప్పుడో ఆడి ఉంటారు.

చిన్నక్క మాత్రం ఆ చప్పట్ల మధ్యలో నిలవలేదు. కొత్త చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని జనాన్ని తప్పించుకుంటూ స్తంభం వైపు నడిచింది. ఆమెను చూసి అభిలాష్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని పక్కకు తిరిగాడు. ఆమె చుట్టూ తిరిగి వచ్చి అతని ముందే నిలబడింది. మధ్యాహ్నం పెట్టినట్టే రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ముందు వరసల్లోవాళ్ళు అటు తిరిగారు. వరండాలో ఆంజి లేచి నిలబడ్డాడు.

“నీ పేరు నేను ఎవరికీ చెప్పల్యా నాయనా. మాట తప్పల్యా,” అంది ఆమె. గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగినట్టు అడిగింది. “కాలువ కాడ నేను ఎనక్కి తిరగల్యా. నువ్వు తిరిగినావా?”

అభిలాష్ ఫోన్ చెవి మీంచి దించాడు. అతని చూపు తలుపు వైపు పోయింది, అక్కడ నేను నిలబడి ఉన్నాను.